అభయదాత పందిళ్ళపల్లి శ్రీనివాస్

దానములన్నిటిలో అభయదానము శ్రేష్ఠమని పెద్దలు చెప్పుదురు. నోరులేని ఏనుగులకు అభయమిచ్చుటకై తన ప్రాణమునే ధారపోసిన తెలుగు బిడ్డ శ్రీ పందిళ్ళపల్లి శ్రీనివాస్.

వీరు 1954వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించిరి. 1979లో భారత అటవీ సర్వీసున చేరి, కర్ణాటక రాష్ట్రమునకు వచ్చి, చామరాజనగర ప్రాంతపు అడవులలో పనిచేసిరి.

ఆ అడవులలో గోపీనాథం గ్రామవాసి వీరప్పన్ దంతముల కొరకు ఏనుగులను చంపుచు, శ్రీగంధపు చెట్లను నరికించుచుండెను. మన దేశమున పెద్ద దంతములు మగ ఏనుగులకే యుండును. వేటగాండ్రు వాటినే వెదకి చంపుటచే మందలలో మగవి తరిగిపోయెను. 1986లో వీరప్పన్ పట్టుబడియు, కావలి నుండి తప్పించుకొనిపోయెను.

అడవి విశాలము, కావలివారు కొద్దిమంది, నిధులు స్వల్పము. తుపాకి యొక్కటే అడవిని కాపాడజాలదని శ్రీనివాస్ గ్రహించిరి. పూట గడవని పేదలే కూలికాసపడి ఆ ముఠాకు తోడగుచుండిరి. అందుచే వీరు గోపీనాథమునకే పోయి, జనులకు త్రాగునీరు, వైద్యము, ఇండ్లు సమకూర్చి, మారియమ్మ గుడి కట్టించిరి. వీరి మాట నమ్మి ముఠాలోని పలువురు లొంగిపోయిరి.

తుదకు వీరప్పన్ కూడ లొంగిపోవునని కబురు వచ్చెను. 1991 నవంబరు 10వ తేదీన శ్రీనివాస్ ఆయుధము లేకుండ బయలుదేరిరి. దారిలో పొంచియున్న ముఠా వీరిని కాల్చి చంపి, శిరస్సు ఖండించెను. అప్పటికి వీరి వయస్సు 37 ఏండ్లు. 1992లో ప్రభుత్వము వీరికి మరణానంతరము కీర్తిచక్ర ప్రకటించెను. వీరప్పన్ 2004 అక్టోబరు 18న తమిళనాడు పోలీసుల చేత హతుడయ్యెను. గోపీనాథం ప్రజలు మాత్రము అమ్మవారి చెంత శ్రీనివాస్ పటమునుంచి కొలిచిరి.

ఏనుగుల కథ ఊరిగాం వారికి దూరపు కథ కాదు. కోలారు జిల్లా ఎల్లకావల చిత్తూరు సీమలో కౌండిన్య అభయారణ్యమున్నది. బంగారపేట పొలములలోనికి ఏనుగులు వచ్చుట నేటికిని కలదు. పంట పోయిన రైతు కడుపుమంటను చల్లార్చనిదే అక్కడను ఏనుగుకు రక్షణ లేదు.

వర్తకులకును ఇందొక పాఠమున్నది. 1986లో మన దేశపు దంతముపై, 1991లో ఆఫ్రికా దంతముపై కూడ వ్యాపారమును చట్టము నిషేధించెను. కాని చట్టమునకు ముందే మనస్సు నిషేధింపవలెను. కొనువాడు లేనినాడు చంపువాడుండడు. శ్రీనివాస్ అడవిలో చేసిన పనిని అంగడిలో చేయుట మన చేతిలోనిదే.