కాశీ బాటలో కోటలు: ఏనుగుల వీరాస్వామయ్య జీవితము

శ్రీరాంపూర్ బొగ్గుగనుల ప్రాంతమున చదువుకొను విద్యార్థులకు ఉత్తరదేశపు రాజకోటలు చూచుట నేడు అసాధ్యమైన కోరిక గాదు. మంచిర్యాలలో రైలెక్కినచో గోదావరి వెనుకబడును. బల్లార్షా, నాగపురము, భోపాలు, ఝాన్సీ దాటిన పిమ్మట గ్వాలియరు కొండకోట బండి కిటికీలోనుండియే కనబడును. ఆపైన ఆగ్రా, ఢిల్లీ. కాజీపేట నుండి బల్లార్షాకు ఇనుపదారి 1929లో పూర్తియైన పిదప ఈ సౌకర్యము కలిగినది. అంతకు సరిగా తొంబదితొమ్మిది యేండ్ల పూర్వము, ఈ గోదావరినే కొంత ఎగువన, నిర్మల దారిలో దాటి, వానకాలపు బురదలో ఉత్తరమునకు సాగిన తెలుగు యాత్రికు డొకడు కలడు. ఆయన పల్లకిలో పోయెను. కాని కన్నులు మూసికొని పోలేదు. ప్రతి మజిలీలో కనినది, వినినది వ్రాసిపెట్టుచు పోయెను. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్య. తెలుగున తొలి యాత్రాగ్రంథముగా పేరొందిన కాశీయాత్ర చరిత్ర ఆయన రచన.

వీరాస్వామయ్య 1780 ప్రాంతమున చెన్నపట్టణమున నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించుటచే, ఆటపాటల యీడుననే కుటుంబభారము ఆ పిల్లవానిపై పడెను. ఆనాడు చెన్నపట్టణమున ఇంగ్లీషు వచ్చినవానికి కుంఫిణీ కొలువు దొరకెడిది. ఆయన తెలుగు, తమిళము, సంస్కృతము, ఇంగ్లీషు నేర్చి, చిన్న ఉద్యోగములనుండి మెట్టు వెంట మెట్టెక్కి, తుదకు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీలకు పెద్దగా నియమితుడయ్యెను.

దుబాసీ పని పైకి సులువుగా తోచును. నిజమునకు మిక్కిలి బాధ్యతగల పని. న్యాయాధిపతికి తెలుగు రాదు. సాక్షికి ఇంగ్లీషు రాదు. ఇరువురి నడుమ నిలిచి, ఒకరి మాట రెండవవారికి పెంచక తగ్గింపక అందింపవలెను. ఒక్క మాట అటునిటైనచో ఒకని భూమి పోవచ్చును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును. అట్టి కొలువులో ఏండ్ల తరబడి ఆరితేరినవాని కన్నునకు, చెవికి ఒక క్రమశిక్షణ అలవడును. కనినదానిని కనినట్లు చెప్పుట ఆయనకు వృత్తిధర్మము. ఆ ధర్మమే యాత్రలోను ఆయనను విడువలేదు.

సుమారు ఏబది యేండ్ల వయస్సున ఆయనకు కాశీయాత్ర సంకల్పము కలిగెను. 1830వ సంవత్సరము మే 18వ తేదీ మంగళవారము రాత్రి తల్లితోను, భార్యతోను, సుమారు నూరుగురు పరివారముతోను చెన్నపట్టణము విడిచి బయలుదేరెను. బోయీలు, బంట్రోతులు, వంటవారు, డేరాలు మోయువారు, దారితోడుకై చేరిన యాత్రికులు: కదలిపోవు ఒక చిన్న పల్లె వలె ఆ గుంపు సాగెను. ఇంతమందికి దినదినమును బియ్యము, నీరు, నీడ సమకూర్చు భార మాయనదే. కనుకనే ఆయన ఏ ఊరు చేరినను మొదట చూచినది బావి, అంగడి, చెట్టు, వాగు దాటు తావు. కోటగుమ్మము తరువాతి మాట.

తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా ఆ పరివారము హైదరాబాదు చేరెను. అప్పటికి నాసిరుద్దౌలా నిజాముగా గద్దె యెక్కి ఒక యేడు గడచినది. రాజ్యవ్యవహారములు చందూలాలు చేతిలో నుండెను. నగరమునకు పడమట గోలకొండ దుర్గము శిథిలవైభవముతో నిలిచియుండగా, మూసీనదికి ఆవల కుంఫిణీ రెసిడెంటు నివసించు భవనము క్రొత్త మెరుగులతో వెలుగుచుండెను. పాతకోటలో రాజు లేడు; రాజున్న నగరులో పూర్తి అధికారము లేదు. వీధులలో ఆయుధములు ధరించి తిరుగువారు మెండుగా నుండుటయు, వారి కలహములలో ప్రాణములు పోవుటయు ఆయన గమనించి వ్రాసెను. నగరపు అందమును మెచ్చుకొనుట, నగరమునందలి భయమును చెప్పుట, రెండును ఆయనకు సమానమైన విధులే.

హైదరాబాదు విడిచి ఉత్తరాభిముఖుడై ఆర్మూరు మీదుగా గోదావరి దాటి నిర్మల చేరెను. నిర్మల చుట్టును కోటలు, బురుజులు గల పట్టణము. అచట నుండి ఆదిలాబాదు వైపు కొండలు, దట్టమైన అడవులు. నేడు బొగ్గుగనులతో, విద్యుత్కేంద్రములతో పేరొందిన గోదావరి తీరమునకు ఆనాడు నేలక్రింది నల్లబంగారము సంగతి తెలియదు. సింగరేణి గనులకు మూలమైన ఇల్లెందు బొగ్గు 1871లోగాని బయటపడలేదు. యాత్రికునకు ఈ సీమ యనగా పెద్దనది, అడవి, పులిభయము, దూరదూరమున నొక పల్లె. అట్టి దారిలో నూరుగురిని క్షేమముగా నడపించుటయే ఒక దుర్గము సాధించినంత పని.

వార్ధానది దాటి ఆయన నాగపురము చేరెను. ఇది భోంసలే రాజుల రాజధాని. 1817లో సీతాబర్డీ గుట్టకడ జరిగిన యుద్ధముతో ఆ వంశపు స్వాతంత్ర్యము అస్తమించెను. మరుసటి యేడు అప్పాసాహెబును తొలగించి, పదేండ్ల బాలుడగు మూడవ రఘోజీని కుంఫిణీవారు గద్దెపై నుంచిరి. వీరాస్వామయ్య వచ్చునప్పటికి ఆ బాలుడు యువకుడై యుండెను. రాజభవన మున్నది, ఏనుగులున్నవి, దర్బారున్నది. ఊరి వెలుపల రెసిడెంటును ఉన్నాడు. ఆ రఘోజీ సంతానము లేక 1853లో మరణింపగా, మరుసటి యేడు రాజ్యమును కుంఫిణీవారు కలుపుకొనిరి. వీరాస్వామయ్య చూచినది ఆరిపోవు దీపపు వెలుగు. ఆ సంగతి నాడు ఆయనకు తెలియదు. ఆయన వ్రాతను నేడు చదువువారికి తెలియును. యాత్రాగ్రంథములు కాలము గడచినకొలది విలువ పెంచుకొనుట ఇందువలననే.

రామటెక్కు, జబల్పూరు, మైహరు, రీవా, మిర్జాపూరుల మీదుగా ఆ పరివారము ప్రయాగ చేరెను. గంగాయమునలు కలియు తావున అక్బరు పాదుషా 1583లో కట్టించిన పెద్దకోట అచట నీటియంచున నిలిచియున్నది. మొగలాయీల పిదప అది చేతులు మారి, 1798లో అయోధ్య నవాబుతో జరిగిన ఒడంబడికచే కుంఫిణీవారి వశమయ్యెను. పాదుషా నగరు ఆయుధాగారమయ్యెను. ఆ గోడల లోపలనే పాతాళపురి గుడియు, యాత్రికులు పూజించు అక్షయవటమును ఉన్నవి. దక్షిణమునుండి కాలినడకను వచ్చిన ముసలివాడు ఆ చెట్టును దర్శింపవలెనన్న సిపాయిలు కాచు కోటద్వారమే శరణ్యము. త్రివేణిలో మునుగుటకు సైతము సర్కారుకు పన్ను చెల్లింపవలసియుండెను. ప్రయాగ, గయ, పురీ క్షేత్రములలో యాత్రికులపై వేసిన ఈ పన్నును కుంఫిణీవారు 1840లో గాని ఎత్తివేయలేదు. కోటయనగా కేవలము రాతిగోడల అందము గాదు. ఎవరు లోనికి రావచ్చును, ఎంత చెల్లించి రావచ్చునని నిర్ణయించు అధికారము కూడ. ఆ భేదము నెరిగి చూచినవాడు వీరాస్వామయ్య. దారిసుంకములు, పన్నులు, ధరలు ఆయన పుస్తకమున పుణ్యక్షేత్ర మాహాత్మ్యములతో ఒకే వరుసలో నిలిచినవి.

ఆ కోటలోనే మరియొక వింత గలదు. అశోకుని శాసనమున్న ప్రాచీన శిలాస్తంభము 1830లో అచట నేలపై పడియుండెను. తిరిగి నిలువబెట్టినది 1838లో. దానిపై అశోకుని మాటలు, వానికి దిగువ సముద్రగుప్తుని విజయప్రశస్తి, ఆపైన జహంగీరు చెక్కించిన వంశావళి గలవు. సముద్రగుప్తుని ప్రశస్తిలో దక్షిణాపథ రాజుల పేర్ల నడుమ పిష్టపురపు మహేంద్రుడు, వేంగి హస్తివర్మయు ఉన్నారు. మన పిఠాపురము, మన వేంగి! వీరాస్వామయ్య ప్రయాగ చేరిన యేట ఆ శాసనముల అర్థము లోకమునకు తెలియదు. కాశీ టంకశాలలో పదేండ్లు పనిచేసిన జేమ్సు ప్రిన్సెపు ఆ యేడే కలకత్తాకు తరలిపోయెను; అశోకుని కాలపు బ్రాహ్మీలిపిని ఆయన పూర్తిగా చదివినది 1837లో. అప్పటికి వీరాస్వామయ్య మరణించి ఒక యేడైనది. తెలుగుసీమ పేరు చెక్కిన రాయి ఉన్న కోటకు తెలుగువా డేగెను. ఆ రాయి ఆయనతో మాటలాడుటకు ఇంకను కాలము రాలేదు. చరిత్ర చదువు విద్యార్థులు ఈ సంగతి మరువరాదు. కన్నుల యెదుట నున్నంత మాత్రమున సర్వము కనబడదు. లిపి నేర్చినవానికే రాయి నోరు విప్పును.

ప్రయాగనుండి కాశి. మణికర్ణిక, విశ్వనాథుని ఆలయము ఆయన సంకల్పమునకు గమ్యములు. అయినను కాశి విశ్వనాథుని పురి మాత్రమే గాదు, రాజుల పురి కూడ. గంగ యొడ్డున అంబరు రాజు మానసింగు కట్టించిన మానమందిరము, దానిమీద సవాయి జయసింగు పదునెనిమిదవ శతాబ్దమున నెలకొల్పిన ఖగోళయంత్రములు గలవు. ఆవలియొడ్డున రామనగరు కోట. దానిని కట్టించినవాడు కాశీరాజు బలవంతసింగు. ఆయన కుమారుడు చేతసింగును వారన్ హేస్టింగ్సు 1781లో శివాలాఘాటు నగరులో నిర్బంధింపగా, ప్రజలు తిరుగబడిరి. రాజు తలపాగలు ముడివేసి త్రాడుగా చేసికొని, కిటికీనుండి గంగలోని పడవకు దిగి తప్పించుకొనెను. హేస్టింగ్సు ప్రాణభీతితో చునారు కోటకు పరుగెత్తెను. ఈ సంఘటన జరిగి ఏబది యేండ్లు నిండకమునుపే వీరాస్వామయ్య కాశి చేరెను. అప్పటి కాశీరాజు ఉదితనారాయణసింగు. రాజు బిరుదము నిలిచినది గాని రాజ్యభారము కుంఫిణీవారిది.

కాశినుండి గయకు, పాట్నాకు, తుదకు కలకత్తాకు సాగెను. అంతవరకు పాతరాజుల కోటలు చూచిన కన్నులకు అచట క్రొత్తరాజుల కోట కనబడెను: హుగ్లీ యొడ్డున ఫోర్టు విలియము, 1803లో పూర్తియైన గవర్నరు జనరలు భవనము. హైదరాబాదులో, నాగపురములో కనిన రెసిడెంట్ల అధికారమున కంతటికి మూలస్థాన మదియే. ఢిల్లీ, ఆగ్రాలు ఆయన దారిలో లేవు. ఎఱ్ఱకోటలో అప్పటికి అక్బరుషా పేరునకు పాదుషాగా నుండెను. ఢిల్లీ చూడకున్నను రాజ్యలక్ష్మి ఏ గుమ్మము విడిచి ఏ గుమ్మము చేరుచున్నదో ఆయన ప్రయాణ మార్గమే తేటపరచుచున్నది.

ఇందు ఆయన లోపమొకటి చెప్పక తప్పదు. కుంఫిణీ కొలువులో పెరిగిన వీరాస్వామయ్యకు ఆంగ్లపాలనపై ఆదరము మెండు. సంస్థానములలోని అలజడి చూచి, కుంఫిణీసీమలోని శాంతిని మెచ్చుకొనెను. ఆ శాంతికి దేశము చెల్లించుచున్న వెల ఎంతయో ఆయన పూర్తిగా తలచినట్లు కనబడదు. కాని తన యభిప్రాయమునకు అడ్డు వచ్చునని కనినదానిని దాచినవాడు గాడు. పన్ను పన్నే, కరవు కరవే, బాగులేని బాట బాగులేని బాటయే. అందుచేతనే ఆయన యభిప్రాయముతో ఏకీభవింపనివారికిని ఆయన పుస్తకము అక్కరకు వచ్చుచున్నది.

పురీ జగన్నాథము, గంజాము, సింహాచలము, రాజమహేంద్రవరముల మీదుగా, ప్రయాగ స్తంభముపై పేర్లు చెక్కబడిన పిష్టపుర, వేంగీ సీమలున్న తీరభూమి గుండనే ఆయన తిరిగివచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరెను. పదునైదు నెలలకు పైబడిన యాత్ర అది. పిదప కొన్ని యేండ్లకే నందనకరవు దాపురించి, గుంటూరుసీమ ప్రజలు చెన్నపట్టణపు బాటపట్టినప్పుడు, ఆయన ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించెను. నూరుగురి గుంపునకు దారిలో కూడు సమకూర్చినవానికి ఆకలి యనునది పుస్తకములోని మాట గాదు. 1836లో ఆయన మరణించెను.

యాత్రాకాలమున ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు లేఖలుగా పంపిన దినచర్యను, ఆ మిత్రుడే భద్రపరచి 1838లో అచ్చొత్తించెను. 1869లో రెండవ ముద్రణము వెలువడెను. 1941లో దిగవల్లి వేంకటశివరావు విపులమైన పీఠికతో, వివరణలతో దానిని మరల ప్రకటించి తెలుగువారికి అందించెను. పండితులు పద్యమునే గౌరవించు కాలమున, కచేరీలలోను ఇండ్లలోను వాడుకలోనున్న తెలుగులో వీరాస్వామయ్య వ్రాసెను. పారసీ మాట వచ్చినచోట దానిని తరుమలేదు. అలంకారము కొఱకు విషయమును విడువలేదు.

నేడు శ్రీరాంపూరునుండి గాని, మరి యే ఊరినుండి గాని పిల్లలను ఉత్తరదేశపు కోటలకు తీసికొనిపోవు ఉపాధ్యాయుడు, కట్టించిన రాజు పేరు, కట్టిన సంవత్సరము చెప్పి ఊరకుండిన చాలదు. ఆ కోటకు నీ రెటనుండి వచ్చెను, రాళ్ళు ఎవరు మోసిరి, ద్వారము ఎవరికి తెరచిరి, ఎవరికి మూసిరి, చివరకు ఎవరి చేతికి పోయెనని పిల్లలచేత అడిగింపవలెను. సాయంకాలము బసకు చేరిన పిదప, కనినది కనినట్లు నాలుగు వాక్యములు వ్రాయింపవలెను. వీరాస్వామయ్య చేసిన దంతకన్న ఎక్కువ గాదు. ఆయన చూచిన గద్దెలలో ఒక్కటియు నేడు లేదు. డేరాలో దీపము ముందు ఆయన వ్రాసిన కాగితములు మాత్రము నిలిచియున్నవి.