కావ్యమును కొత్త చూపుతో చదివిన కట్టమంచి

తెలుగుదేశమున కావ్యపఠన మనగా చిరకాలము పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుకొనుటయే. అన్వయము కుదిరినదా, అలంకార మేది, వ్యాకరణదోష మేమైన దొరలినదా యని పండితులు పరిశీలించెడివారు. ఆ పరిశీలన అవసరమైనదే. కాని కావ్యము మొత్తముమీద ఎట్లున్నది, కథ సహజముగా నడచుచున్నదా, పాత్రలు ప్రాణముగల మనుష్యులవలె ప్రవర్తించుచున్నవా అని అడిగెడివారు అరుదు. ఆ ప్రశ్నలను నిర్భయముగా అడిగి, తమకు తోచిన సమాధానములను 1914లో గ్రంథరూపమున ప్రకటించిన మేధావి కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆ గ్రంథము ‘కవిత్వతత్త్వ విచారము’.

1880 డిసెంబరు 10వ తేదీన, చిత్తూరునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున రెడ్డిగారు జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, అచటి తెలుగు సంఘమువారి పోటీకై ‘ముసలమ్మ మరణము’ అను చిన్న కావ్యమును రచించి బహుమానము పొందిరి. అనంతపురము సీమలోని బుక్కరాయసముద్రమున చెరువుకట్ట తెగబోవగా, ఊరిని కాపాడుటకై ఒక రైతు కోడలు ప్రాణము లర్పించిన వృత్తాంతమే అందలి కథ. నాయిక కొరకు రాజాంతఃపురములను, పురాణములను వెదకక ఒక పల్లెటి యిల్లాలిని ఎన్నుకొనుటలోనే భావి విమర్శకుని మనస్సు కనబడుచున్నది. కావ్యమునకు గౌరవము వచ్చుట వస్తువుయొక్క ఆడంబరమువలన గాదు, అందలి భావబలమువలన అని ఆ యువకుడు అప్పటికే గ్రహించియుండెను.

1902లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు వెడలి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివిరి. అచటి యూనియన్ అను ప్రసిద్ధ వక్తృత్వ సంఘమునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. స్వదేశమునకు వచ్చి, బరోడాలో కొంతకాలము, పిదప మైసూరు మహారాజా కళాశాలలో అధ్యాపకులైరి. తెలుగునాటికి దూరముగా నున్నను వారి చూపు తెలుగు కావ్యములమీదనే నిలిచెను.

‘కవిత్వతత్త్వ విచారము’న వారు ప్రధానముగా పరీక్షకు దీసికొన్నది పింగళి సూరన రచనలను. ‘కళాపూర్ణోదయము’ చిక్కుముడుల కథ. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే భూలోకమున జరుగును. మొదట వింతగా తోచిన సంఘటనకు కారణము మరియొక ఆశ్వాసమున తెలియును. పూర్వజన్మ వృత్తాంతము ఉత్తరజన్మతో పెనవేసికొనియుండును. ఒక్క పద్యమును విడదీసి చదివినవానికి ఈ నేర్పు కానరాదు. కావ్యమును ఆద్యంతము ఒక్కటిగా చూచినవానికే అది గోచరించును. రెడ్డిగారు అట్లు చూచి, కథాసంవిధానమున సూరనకు గల ప్రజ్ఞను వెలికి దీసి చూపిరి. అదే కొలతతో ఇతర ప్రబంధములను కొలిచి, వర్ణనల క్రింద కథ నలిగిపోయిన తావులను, అనుకరణమే కవిత్వముగా చలామణియైన తావులను దాపరికము లేక ఎత్తిచూపిరి.

దీనిపై పండితలోకమున కలకలము రేగుట సహజము. తరతరములుగా పూజలందుకొన్న ప్రబంధములను పాశ్చాత్య దృష్టితో తూచుట న్యాయమా యని పలువురు ఆక్షేపించిరి. ఖండన గ్రంథమును సైతము వెలువరించిరి. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. వర్ణనకు ప్రబంధమున ప్రత్యేక స్థానము కలదు. ఒక కాలపు రుచిని మరియొక కాలపు కొలతతో తూచినపుడు కొంత అన్యాయము జరుగకమానదు. అయినను ప్రతిపక్షులు సైతము తమ అభిమాన కావ్యములను కథ, పాత్ర, ఔచిత్యము అను మాటలతోనే సమర్థింపవలసి వచ్చెను. ఒప్పించుట కంటె ఆలోచింపజేయుట విమర్శకునకు పెద్ద విజయము.

గుణమును గుర్తించుటలో రెడ్డిగారు కావ్యములతో నిలిచిపోలేదు. ఇరువదియేండ్లు నిండని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి ప్రతిభను కనిపెట్టి, 1912లో మైసూరు కళాశాలలో తెలుగు పండితులుగా నియమింపజేసిరి. వయస్సును గాక విద్యను జూచిన ఆ నిర్ణయము తెలుగు సాహిత్యమునకు మరియొక గొప్ప విమర్శకుని సమకూర్చెను.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపితము కాగా రెడ్డిగారు దాని తొలి ఉపాధ్యక్షులైరి. శాసనోల్లంఘన ఉద్యమకాలమున ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా, తమ చేతులతో పెంచిన ఆ సంస్థను విడిచి పదవీత్యాగము చేసిరి. గ్రంథములయెడ చూపిన నిర్మొగమాటమునకు వెల చెల్లింప నక్కరలేకపోవచ్చును. ప్రభుత్వముయెడ చూపినపుడు పదవినే వెలగా నిచ్చుకొనవలసి వచ్చెను. 1936లో మరల ఆ పదవికి వచ్చి 1949 వరకు సేవచేసిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన దివంగతులైరి.

రెడ్డిగారి తీర్పు లన్నియు నేడు అంగీకార్యములు కానక్కరలేదు. వారి మార్గము మాత్రము తరగతిగదిలో నేటికిని పనికివచ్చును. పుస్తకమును పూర్తిగా చదువుట, నచ్చినదేదో నచ్చనిదేదో తేల్చుకొనుట, ఎందుకని తన్ను దాను ప్రశ్నించుకొనుట, ఆ కారణమును గ్రంథములోనుండియే చూపుట — సమీక్ష కింతకంటె వేరు రహస్యము లేదు. పెద్దల మాటను వల్లెవేయు విద్యార్థికి పరీక్షలో మార్కులు దక్కవచ్చును. కారణము చూపి విభేదించు విద్యార్థికి కావ్యమే దక్కును.