పాటకు పొలమిచ్చిన రైతు

మన హాస్టళ్లలో రాక్ సంగీతమంటే చెవి కోసుకునే మిత్రులకు కొదవ లేదు. 1969 నాటి ఉడ్‌స్టాక్ ఉత్సవంలో ఎవరెవరు వాయించారని అడిగితే హెండ్రిక్స్, శాంటానా, ది హూ, జో కాకర్ అంటూ గడగడా అప్పజెప్పేస్తారు. వాళ్లను కళ్లారా చూడ్డానికి అంతమంది జనం కూచున్న ఆ నేల ఎవరిదయ్యా అంటే మాత్రం ఒక్కరూ నోరు మెదపరు. అది మాక్స్ యాస్గర్ అనే పాడిరైతుది. రైతుబిడ్డను గనక నా దృష్టి గిటారు కంటే ముందు ఆ గడ్డి మీదికే పోయింది.

యాస్గర్ 1919 డిసెంబరు 15న న్యూయార్క్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో స్థిరాస్తి చట్టం చదివి కూడా కోర్టు మెట్లెక్కక పశువుల దగ్గరికే పోయాడు. చదువుకున్నవాడికి పేడతట్ట ఏమిటని మనవైపు ముక్కు విరుస్తారు. ఆయన మాత్రం 1960ల చివరికల్లా సలివాన్ కౌంటీలోకెల్లా పెద్ద పాల ఉత్పత్తిదారు అయి కూచున్నాడు. బెతెల్ అనే ఊళ్లో సుమారు 650 ఆవులు, పాలను పాశ్చురైజ్ చేసే సొంత ప్లాంటు, శీతల గిడ్డంగి, పాలు చేరవేసే బళ్లు.

1969 వేసవిలో నలుగురు యువకులు మూడు రోజుల సంగీతోత్సవం తలపెట్టారు. ముందుగా కొంటే టిక్కెట్టు 18 డాలర్లు. వాల్‌కిల్ అనే ఊళ్లో జరపాలనుకుంటే, ఇంకో నెల రోజులుందనగా ఆ ఊరివాళ్లు వద్దుపొమ్మన్నారు. టిక్కెట్లేమో అమ్ముడవుతున్నాయి, వేదిక కట్టడానికి జాగా లేదు. అలాంటప్పుడు యాస్గర్ గారి లూసర్న్ గడ్డి చేను వాళ్ల కంట పడింది. చుట్టూ ఎత్తు, మధ్యకు వాలు, అచ్చం గిన్నెలాంటి నేల! అడుగున వేదిక కడితే ఎక్కడ కూచున్నవాడికైనా బ్యాండు కనిపిస్తుంది. మొత్తం 600 ఎకరాల దాకా బేరం కుదిరింది.

ఆయన ఆ పాటల అభిమాని అనుకునేరు. కానే కాదు. యాభైకి దగ్గర పడ్డ వయసు, రిపబ్లికన్ పార్టీ మనిషి, వియత్నాం యుద్ధాన్ని సమర్థించినవాడు. వచ్చేవాళ్లలో చాలామంది ఆ యుద్ధం ఆపమనేవాళ్లు. అసలు సంగతి మేత. ఆ ఏడు వానలు మితిమీరి ఎండుగడ్డి సరిగా చేతికి రాలేదు. వేలకొద్దీ మోపులు బయట కొనాలి. పొలం అద్దె డబ్బు అందుకు అక్కరకొస్తుందని లెక్క వేసుకున్నాడు. కొందరు ఆయన్ని ఏదో ఋషిలా చూపించబోయి ఈ లెక్కను దాచేస్తారు. నాకది నచ్చదు. మేత తక్కువైన రైతు ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. గొప్పతనమంతా ఆ తర్వాత ఉంది.

యాస్గర్ పాలు కొనవద్దని ఇరుగుపొరుగు బోర్డులు పెట్టారు. దాంతో ఆయనకు పట్టుదల ఇంకా పెరిగింది. ఆగస్టు 15 వచ్చేసరికి కంచె కట్టడం పూర్తి కాలేదు, జనం నాలుగు లక్షలు దాటారు, ఇక టిక్కెట్టు అడిగే నాథుడే లేడు. కోయంబత్తూరు ప్రాంతం నుంచి వెళ్లిన స్వామి సచ్చిదానంద ప్రారంభోపన్యాసం చేశారు. ఆ రాత్రి వానలోనే రవిశంకర్ సితార్ వాయించారు. కుర్రాళ్లకు కొందరు మంచినీళ్లు అమ్ముతున్నారని తెలిసి యాస్గర్ మండిపడ్డాడు. నీళ్లు ఉచితమని తన కొట్టానికి పెద్ద బోర్డు కట్టించాడు. పాలూ తిండీ కూడా పంచిపెట్టాడు.

ఆదివారం, జో కాకర్ పాడేముందు, ఆయన్ని వేదిక ఎక్కించారు. 1970లో వచ్చిన డాక్యుమెంటరీ చిత్రంలో ఆ దృశ్యం ఉంది. తానొక రైతునని, ఇరవైమంది ముందు మాట్లాడడమే తనకు చేతకాదని మొదలుపెట్టి, ఇన్ని లక్షలమంది పిల్లలు ఒకచోట చేరి పాటలు వింటూ ఆనందంగా గడపగలరని లోకానికి చూపించారని మెచ్చుకున్నాడు. ఆ జనం కేకలు చూడాలి! అంత చప్పట్లు కొన్ని బ్యాండ్లకు కూడా పడి ఉండవు.

మిగిలింది బురద, చెత్త. 1970 జనవరిలో పొరుగువాళ్లు నష్టపరిహారం కోసం ఆయన మీదే దావా వేశారు. ఆయన పొలానికి జరిగిన నష్టం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. దానికి ఏడాది దాటాక 50,000 డాలర్లు ముట్టాయి. మరుసటి ఏడు మళ్లీ ఉత్సవానికి పొలం ఇవ్వనన్నాడు. అంతకుముందే గుండె బాగోలేదు. 1971లో పొలం అమ్మేసి ఫ్లోరిడా చేరాడు. 1973 ఫిబ్రవరి 9న గుండెపోటుతో పోయాడు. అప్పటికి 53 ఏళ్లు. పాడని, వాయించని ఆ మనిషికి రోలింగ్ స్టోన్ పత్రిక నిండు పేజీ నివాళి వేసింది. ఉత్సవానికి వెళ్లలేకపోయిన జోనీ మిచెల్ రాసిన పాటలో ఆయన పొలం పేరు ఉండిపోయింది.

2017లో ఆ స్థలాన్ని అమెరికా చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. పక్కనే మ్యూజియం ఉంది. ఎప్పుడైనా వెళ్లే యోగం పడితే, మన రాక్ మిత్రులు హెండ్రిక్స్ ఎక్కడ నిలబడ్డాడో వెతుక్కుంటారు. నేను మాత్రం ఆ వాలు మీద కూచుని ఎకరాకు ఎన్ని మోపుల గడ్డి దిగేదో లెక్కేసుకుంటాను.