గాలపు దారానికి బలమిచ్చిన శాస్త్రవేత్త వాలెస్ కరోథర్స్

గాలానికి కట్టే సన్నని, మెరిసే నైలాన్ దారాన్ని ఎరుగని నదీతీర గ్రామం లేదు. యానాం వద్ద గౌతమీ తీరంలోను, పులికాట్ సరస్సులోను, తుంగభద్ర జలాశయంలోను, ఒడిశాలోని గంజాం తీరాన స్థిరపడిన తెలుగు మత్స్యకారుల పడవలలోను గాలానికీ వలకూ అదే ఆధారం. అమెరికాలో జానెడు పొడవుండే చేప బొమ్మను ఎరగా విసిరి, బరువైన బాస్ చేపలను పట్టే వేటగాళ్లు సైతం ఏ దారం ఎంచుకోవాలన్న విచారణను నైలాన్‌తోనే మొదలుపెడతారు. ఆ నైలాన్‌కు జన్మనిచ్చిన పరిశోధనకు నాయకత్వం వహించిన రసాయన శాస్త్రవేత్త వాలెస్ హ్యూమ్ కరోథర్స్. 41 ఏండ్ల వయసులోనే కన్నుమూసిన ఆయన, తన పరిశ్రమ ఫలం అంగడికి రావడం చూడలేకపోయారు.

బాల్యం – విద్యాభ్యాసం

కరోథర్స్ 1896 ఏప్రిల్ 27న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్ పట్టణంలో జన్మించారు. నలుగురు సంతానంలో ఆయనే పెద్దవారు. తండ్రి ఐరా కరోథర్స్ వాణిజ్య కళాశాలలో ఉపాధ్యాయులు. చెల్లెళ్లలో ఇసొబెల్ అంటే ఆయనకు ప్రాణం. తండ్రి మాట మన్నించి 1915లో గణకశాస్త్ర విద్య పూర్తి చేసినా, ఆయన మనసు రసాయన శాస్త్రంపైనే నిలిచింది. ఆ ఏడాదే మిస్సోరి రాష్ట్రంలోని టార్కియో కళాశాలలో చేరారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ కళాశాల రసాయన శాస్త్ర ఆచార్యులు వేరొకచోటికి వెళ్లిపోయారు. వారి స్థానంలో పాఠాలు చెప్పే బాధ్యతను ఇంకా విద్యార్థిగానే ఉన్న కరోథర్స్‌కు అప్పగించారు. 1920లో పట్టభద్రులై, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1924లో డాక్టరేట్ పొందారు. రెండేళ్లు అక్కడే బోధించి, 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. ఉపన్యాసాలివ్వడం ఆయనకు కష్టంగా ఉండేది. ప్రయోగశాలలోని ఏకాంతమే ఆయనకు ఇష్టం. యౌవనం నుండే తీవ్రమైన మానసిక కుంగుబాటు ఆయనను అప్పుడప్పుడు ఆవరించేది.

డ్యూపాంట్ పిలుపు

1927లో డ్యూపాంట్ సంస్థ ఒక నూతన మార్గం తొక్కింది. వెంటనే లాభం రాకపోయినా సరే, శాస్త్ర జ్ఞానం కోసమే పరిశోధన సాగించే విభాగాన్ని డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ వద్ద నెలకొల్పి, కరోథర్స్‌ను ఆహ్వానించింది. ఆయన మొదట అంగీకరించలేదు. తన మనోవ్యాధి కొత్త ఉద్యోగానికి ఆటంకమవుతుందేమోనన్న భయాన్ని దాచకుండా తెలియజేశారు. సంస్థ పట్టు విడువకపోవడంతో 1928 ఫిబ్రవరిలో అక్కడ చేరారు.

ఆనాడు రసాయన శాస్త్రంలో ఒక పెద్ద వివాదం నడుస్తున్నది. పట్టు, పత్తి, రబ్బరు వంటి పదార్థాలు ఎలా నిర్మితమైనాయి? చిన్న అణువులు గుంపుగా అంటుకొని ఉంటాయని కొందరు వాదించగా, గొలుసువలె పొడవైన మహా అణువులు ఉంటాయని జర్మనీకి చెందిన స్టాడింగర్ ప్రతిపాదించారు. కరోథర్స్ ఈ చర్చను ప్రయోగంతో తేల్చదలచారు. రెండు కొసలా కొక్కేలున్న చిన్న అణువులను తీసుకొని, ఒకదాని వెంట మరొకదాన్ని తగిలించుకుంటూ పోతే పొడవైన గొలుసు తయారు కావాలి. అలా తయారయితే స్టాడింగర్ వాదమే నిజమవుతుంది.

గొలుసు పెరిగిన విధం

ఒక్కొక్క లంకె కలిసినప్పుడు ఒక్కొక్క నీటి అణువు వెలువడుతుంది. ఆ నీరు పాత్రలోనే ఉండిపోతే తిరిగి లంకెలను విడగొడుతుంది. అందువల్ల గొలుసు అణుభారం అయిదారు వేలకు మించేది కాదు. నీటిని ఎప్పటికప్పుడు తొలగించే ప్రత్యేకమైన బట్టీని ఉపయోగించిన మీదట అణుభారం పదివేలు దాటింది.

1930 ఏప్రిల్ నెల ఈ ప్రయోగశాలకు రెండు విజయాలను తెచ్చింది. కరోథర్స్ బృందంలోని ఆర్నాల్డ్ కాలిన్స్ చేతిలో కృత్రిమ రబ్బరు రూపుదిద్దుకొన్నది. అదే తరువాత నియోప్రీన్‌గా ప్రసిద్ధి చెందింది. ఆ నెలలోనే జూలియన్ హిల్ అనే సహచరుడు కరిగిన పాలిమర్‌ను గాజు కడ్డీతో పైకి లాగగా, అది పాకంవలె తీగ సాగింది. చల్లారిన తీగను మళ్లీ బలంగా సాగదీస్తే తెగిపోలేదు సరికదా, మునుపటికంటె గట్టిపడింది. చిందరవందరగా పడి ఉన్న గొలుసులు సాగదీతతో ఒకే దిశలో బారులు తీరడమే దీనికి కారణం. నేటి గాలపు దారపు బలమంతా ఈ సూత్రంపైనే ఆధారపడి ఉన్నది.

అయితే ఆ మొదటి దారం వేడినీటికే మెత్తబడిపోయేది. కొంతకాలం ఆ కృషి నిలిచిపోయింది. 1934లో కరోథర్స్ అమైడ్ జాతి పదార్థాలవైపు దృష్టి మరల్చారు. 1935 ఫిబ్రవరి 28న ఆయన పర్యవేక్షణలో జెరార్డ్ బర్చెట్ ఒక కొత్త పాలిమర్‌ను తయారుచేశారు. దాని రెండు ముడిపదార్థాలలోనూ ఆరేసి కర్బన పరమాణువులు ఉండడంవల్ల దానికి ఆరు-ఆరు అని పేరు వచ్చింది. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ వరకు కరగని ఆ పదార్థమే నైలాన్.

గెలుపు నడుమ చీకటి

1936లో కరోథర్స్ అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీకి ఎన్నికయ్యారు. పరిశ్రమలో పనిచేసే కర్బన రసాయన శాస్త్రవేత్తకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. అదే ఏడాది ఫిబ్రవరిలో హెలెన్ స్వీట్‌మన్‌ను వివాహమాడారు. కాని కుంగుబాటు మాత్రం నానాటికీ పెరిగింది. తాను సాధించింది ఏమీ లేదని, తన బుద్ధి వట్టిపోయిందని ఆయన నమ్మసాగారు. ఆసుపత్రిలో చికిత్స పొందినా, నేటి మందులు ఆనాటికి లేవు. 1937 జనవరిలో ఇసొబెల్ న్యుమోనియాతో మరణించడం ఆయనను మరింత కుంగదీసింది. 1937 ఏప్రిల్ 29న, 41వ పుట్టినరోజు గడిచిన రెండు రోజులకే, ఫిలడెల్ఫియా నగరంలో ఆయన తన ప్రాణం తానే తీసుకొన్నారు. అప్పటికి హెలెన్ గర్భవతి. ఆ ఏడాది నవంబరులో కుమార్తె జేన్ జన్మించింది.

నైలాన్‌ను 1938 అక్టోబరులో లోకానికి ప్రకటించారు. ఆ ఏడాదే దంతధావన కుంచెల కుచ్చుగాను, 1940లో స్త్రీల మేజోళ్లుగాను, రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్లుగాను అది ప్రసిద్ధికెక్కింది. 1939లోనే గాలపు దారంగా కూడా అంగడికి వచ్చింది.

గాలపు దారంలో వచ్చిన మార్పు

అంతకుముందు పాశ్చాత్య దేశాల వేటగాళ్లు గుర్రపు వెంట్రుకలు పేనిన దారాన్ని, పట్టు దారాన్ని, అవిసె నారను వాడేవారు. వాటిని ప్రతిరోజూ ఆరబెట్టకపోతే కుళ్లిపోయేవి. మన తీరాలలో పత్తినూలు వలలను చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి కాపాడుకొనేవారు. 1950ల చివర, 1960లలో నైలాన్ వలలు వ్యాపించడంతో ఆ శ్రమ తగ్గింది. ఒంటిపోగు నైలాన్ మొదట్లో బిరుసుగా ఉండేది. 1950ల చివరకు మెత్తని రకాలు వచ్చి వేటగాళ్ల మన్నన పొందాయి.

పెద్ద ఎరకు దారం ఎంచుకొనేటప్పుడు కరోథర్స్ పరిశోధించిన గుణాలే లెక్కకు వస్తాయి. నూరు గ్రాములకు మించిన చేప బొమ్మను విసిరితే, చేప పడకముందే దారం పెద్ద కుదుపును భరించాలి. సన్నని దారమైతే విసురులోనే తెగి ఎర నీటిపాలవుతుంది. అందుచేత 20 నుండి 25 పౌండ్లు, అనగా సుమారు 9 నుండి 11 కిలోల బరువును ఓర్చే నైలాన్‌ను ఎంచుకొంటారు. నైలాన్ సాగే గుణం కుదుపును మింగుతుంది. అయితే దూరాన ఉన్న చేప నోటిలో పెద్ద కొక్కెం నాటుకోవాలన్నప్పుడు ఆ సాగుడే అడ్డు వస్తుంది. నైలాన్ కొంత నీటిని పీల్చి, తడిసినప్పుడు కొంత బలం కోల్పోతుంది. ఎండకు ఎక్కువకాలం ఉంచితే బలహీనపడుతుంది.

ఈ లోపాలను తీర్చడానికి ఇతర దారాలు పుట్టాయి. జపానులో 1971లో వచ్చిన ఫ్లోరోకార్బన్ దారం బరువైనది కనుక నీట త్వరగా మునుగుతుంది, నీటిలో తక్కువగా కనిపిస్తుంది. లోతున ఈదే ఎరకు అది తగినది. 1990లలో వ్యాపించిన అల్లిక పాలిథిలీన్ దారం దాదాపు సాగదు, నీటిపై తేలుతుంది. దానిని పెద్ద ఎరలకు 65 నుండి 80 పౌండ్ల రకంలో వాడుతూ, రాళ్ల రాపిడిని ఓర్చేందుకు కొసన మూరెడు, బారెడు నైలాన్ గాని ఫ్లోరోకార్బన్ గాని కలుపుతారు. ఏ దారమైనా ముడి వద్దనే ముందు తెగుతుంది. ముడిని తడిపి బిగించడం, కొస భాగాన్ని వేళ్లతో తడిమి గరుకు తగిలితే కోసి మళ్లీ కట్టడం అనుభవజ్ఞుల పద్ధతి.

నైలాన్ నీటిలో కుళ్లదు. వేటగాడికి అదే వరమైనా, నీటిలో వదిలేసిన వలముక్కలకు, దారపు చిక్కులకు తాబేళ్లు, పక్షులు, చేపలు ఏండ్ల తరబడి బలి అవుతుంటాయి. కనుక చెడిన దారాన్ని ఒడ్డుకు తెచ్చి పారవేయడం ప్రతి వేటగాని ధర్మం.

కరోథర్స్ శిష్యకోటిలో పాల్ ఫ్లోరీ 1974లో నోబెల్ బహుమతి పొందారు. ఆ స్థాయికి చేరిన వారికి మార్గం చూపిన గురువు తాను ఏమీ సాధించలేదనే భ్రమలో మరణించడం శాస్త్ర చరిత్రలో పెద్ద విషాదం. ఆయనను బాధించింది బలహీనత కాదు, వ్యాధి. నేడు దానికి వైద్యం ఉన్నది. ఇంటిలో ఎవరైనా దీర్ఘకాలం దిగులుతో, నిద్రలేమితో, తాను పనికిరానన్న తలపుతో కుమిలిపోతుంటే సిగ్గుపడక వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం కుటుంబం చేయవలసిన పని. కరోథర్స్ జీవితం నుండి నైలాన్‌తో పాటు ఈ పాఠాన్ని కూడా గ్రహించినప్పుడే ఆ మహనీయునికి తగిన నివాళి అర్పించినట్లవుతుంది.