రికార్డో జమోరా

రికార్డో జమోరా మార్తీనెస్ (1901 - 1978) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ గోల్‌కీపరు, శిక్షకుడు. 1920 నుండి 1936 వరకు స్పెయిన్ జాతీయ జట్టు తరఫున 46 అంతర్జాతీయ పోటీలలో ఆడాడు. అభిమానులు ఇతడిని ఎల్ దివీనో, అనగా దివ్యుడు, అని పిలిచేవారు. ఆటగాడిగా రెండుసార్లు, శిక్షకుడిగా రెండుసార్లు స్పెయిన్ లీగు విజేత జట్టులో భాగస్వామి అయ్యాడు. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో ఇతడి కీర్తి ఇతడికి ప్రాణాపాయాన్ని తెచ్చిపెట్టింది, ఆ కీర్తే ప్రాణరక్షణకు కూడా తోడ్పడింది. ఆ యుద్ధమే ఇతడి జీవితాన్ని క్రీడాకారుడి దశగా, శిక్షకుడి దశగా రెండు భాగాలు చేసింది.

బాల్యం, తొలి రోజులు

జమోరా 1901లో కాటలోనియా ప్రాంతపు ముఖ్యనగరమైన బార్సిలోనాలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. కుమారుడు కూడా వైద్యవృత్తి చేపట్టాలని కుటుంబం ఆశించింది. అయితే అతడి మనసు ఆటమీదనే నిలిచింది. 1916లో, ఇంకా బాలుడిగా ఉండగానే, ఎస్పాన్యోల్ క్లబ్బులో చేరాడు. 1919లో అదే నగరంలోని ప్రత్యర్థి క్లబ్బు బార్సిలోనాకు మారి, 1920, 1922 సంవత్సరాలలో ఆ జట్టుతో రాజు కప్పు గెలిచాడు. 1922లో తిరిగి ఎస్పాన్యోల్‌కు వచ్చాడు. 1929 ఫిబ్రవరిలో వాలెన్సియాలో భారీ వర్షం మధ్య బురదలో జరిగిన కప్పు అంతిమ పోటీలో ఎస్పాన్యోల్ 2-1 గోల్స్‌తో రియల్ మాడ్రిడ్‌ను ఓడించింది. స్పెయిన్ జాతీయ లీగు ప్రారంభమైనది కూడా ఆ సంవత్సరమే.

ఆట తీరు

ఆ కాలపు నిబంధనలు గోల్‌కీపరుకు నేటివలె రక్షణ ఇచ్చేవి కావు. బంతి పట్టుకున్న గోల్‌కీపరును ప్రత్యర్థులు భుజంతో బలంగా నెట్టవచ్చు. అందుచేత బంతిని చేతులతో పట్టుకోవడం అన్నివేళలా క్షేమకరం కాదు. జమోరా మోచేతితోను, ముంజేతితోను బంతిని దూరంగా కొట్టే పద్ధతిని అలవరచుకున్నాడు. అతడి పేరుమీదుగా దానికి జమోరానా అనే పేరు స్థిరపడింది. మెడను కప్పే ఉన్ని చొక్కా, తలపై గుడ్డ టోపీ అతడి గుర్తులయ్యాయి. ఇతర గోల్‌కీపర్లు ఆ వేషాన్ని అనుకరించారు. మైదానం వెలుపల విపరీతంగా పొగ త్రాగేవాడు. 1926లో వచ్చిన ఒక స్పానిష్ చలనచిత్రంలో నటించాడు కూడా.

జాతీయ జట్టులో

1920 ఆగస్టు 28న బెల్జియంలోని ఆంట్వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో డెన్మార్క్‌పై స్పెయిన్ తన మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ ఆడి 1-0తో గెలిచింది. ఆ జట్టు గోల్‌కీపరు 19 ఏళ్ళ జమోరా. స్పెయిన్‌కు రజత పతకం లభించింది. అయితే ఆ క్రీడలలోనే ఇటలీతో జరిగిన పోటీలో ప్రత్యర్థిని కొట్టినందుకు అతడిని మైదానం నుండి బయటకు పంపారు. తిరుగు ప్రయాణంలో సుంకం చెల్లించకుండా హవానా చుట్టలు తెస్తున్నందుకు నిర్బంధించి జరిమానా కూడా విధించారు.

1929 మే 15న మాడ్రిడ్‌లో స్పెయిన్ 4-3తో ఇంగ్లాండును ఓడించింది. బ్రిటిష్ దీవులకు వెలుపలి జట్టు చేతిలో ఇంగ్లాండు ఓడడం అదే మొదటిసారి. ఆ పోటీలో రొమ్ము ఎముకకు దెబ్బ తగిలినా జమోరా చివరివరకు ఆడాడని చెబుతారు. 1931 డిసెంబరులో లండన్‌లో ఇంగ్లాండు 7-1తో బదులు తీర్చుకుంది. అది అతడి జీవితంలోని చేదు పరాజయాలలో ఒకటి.

1934లో ఇటలీలో జరిగిన ప్రపంచ కప్పులో స్పెయిన్ మొదట 3-1తో బ్రెజిల్‌ను ఓడించింది. ఈ పోటీలో వాల్డెమార్ దె బ్రితో కొట్టిన పెనాల్టీ కిక్‌ను జమోరా అడ్డుకున్నాడు. మే 31న ఫ్లోరెన్స్‌లో ఆతిథ్య దేశమైన ఇటలీతో జరిగిన పోటీ అదనపు సమయం తరువాత కూడా 1-1గా ముగిసింది. ఆట మోటుగా సాగి ఇరుపక్షాలలోను పలువురు గాయపడ్డారు. మరునాడే పోటీ మళ్ళీ నిర్వహించారు. గాయాల వలన జమోరా అందులో ఆడలేకపోయాడు. స్పెయిన్ 0-1తో ఓడిపోయింది, ఇటలీ ఆ కప్పును గెలుచుకుంది. అదే సంవత్సరం స్పెయిన్ గణతంత్ర ప్రభుత్వం అతడిని ఆర్డర్ ఆఫ్ ద రిపబ్లిక్ పురస్కారంతో సత్కరించింది. నాటి దేశాధ్యక్షుడి పేరు నిసేతో అల్కలా-జమోరా. ఇద్దరి ఇంటిపేరులోను జమోరా ఉన్నా వారి మధ్య బంధుత్వం లేదు.

మాడ్రిడ్ సంవత్సరాలు

1930లో రియల్ మాడ్రిడ్ 1,50,000 పెసెటాలు వెచ్చించి జమోరాను తెచ్చుకుంది. ఒక గోల్‌కీపరుకు అది ఆనాడు కనీవినీ ఎరుగని మొత్తం. 1931లో గణతంత్రం ఏర్పడిన తరువాత క్లబ్బు తన పేరులోని రాచరికపు విశేషణమైన రియల్‌ను తొలగించుకుంది. అదే సంవత్సరం రక్షణ ఆటగాళ్ళు సిరియాకో, కింకోసెస్‌లు జట్టులో చేరారు. 1931-32 లీగులో 18 పోటీలలో ఒక్కదానిలో కూడా ఓడకుండా, 15 గోల్స్ మాత్రమే ఇచ్చి మాడ్రిడ్ తన మొదటి లీగు విజయం సాధించింది. మరుసటి సంవత్సరం కూడా విజేతగా నిలిచింది. 1934లో కప్పు గెలిచింది.

1936 జూన్ 21న వాలెన్సియాలో మాడ్రిడ్, బార్సిలోనాల మధ్య కప్పు అంతిమ పోటీ జరిగింది. మాడ్రిడ్ 2-1 ఆధిక్యంలో ఉండగా, ఆట ముగిసే సమయంలో బార్సిలోనా ఆటగాడు ఎస్కోలా గోలు మూలకు క్రిందుగా బలంగా కొట్టాడు. నేల పొడిగా ఉన్నందున దుమ్ము లేచి, బంతి ఏమైనదో ప్రేక్షకులకు కొన్ని క్షణాలు కనబడలేదు. దుమ్ము అణగిన తరువాత చూస్తే బంతి జమోరా చేతుల్లో ఉంది. స్పెయిన్ ఫుట్‌బాల్ చరిత్రలో అత్యంత ప్రసిద్ధి పొందిన అడ్డగింతగా దీనిని పేర్కొంటారు. స్పెయిన్‌లో అతడు ఆడిన చివరి పెద్ద పోటీ ఇదే.

అంతర్యుద్ధం

ఆ పోటీ జరిగిన నెలరోజుల లోపే, 1936 జూలై 17, 18 తేదీలలో గణతంత్ర ప్రభుత్వంపై సైనిక తిరుగుబాటు మొదలైంది. మాడ్రిడ్ నగరం గణతంత్రవాదుల అధీనంలో ఉండిపోయింది. జమోరా స్వయంగా రాజకీయ నాయకుడు కాడు. అయితే మితవాద కాథలిక్ పత్రిక అయిన యాలో వ్యాసాలు రాసి ఉన్నందున సాయుధ దళాలు అతడిని అనుమానించాయి. గణతంత్రవాదులు జమోరాను చంపివేశారని తిరుగుబాటు పక్షంవారు పత్రికల ద్వారా, రేడియో ద్వారా ప్రచారం చేశారు. వారి ప్రాంతంలో అతడి ఆత్మశాంతికై ప్రార్థనలు కూడా జరిగాయి. నిజానికి అతడు జీవించే ఉన్నాడు.

కొంతకాలానికి దళాలు అతడిని పట్టుకొని మోడెలో కారాగారంలో ఉంచాయి. ఆ కారాగారంలోని ఖైదీలు పలువురు ఆ నెలలలో హత్యకు గురయ్యారు. జమోరాను కాపాడినవారిలో ముఖ్యుడు గణతంత్ర పక్షానికి చెందిన కవి పెద్రో లూయిస్ దె గాల్వెస్. ఇంత గొప్ప ఆటగాడికి హాని చేయరాదని అతడు దళాలవారికి నచ్చజెప్పాడు. విడుదలైన తరువాత జమోరా అర్జెంటీనా దౌత్య కార్యాలయంలో ఆశ్రయం పొంది, ఆ దేశపు యుద్ధనౌక తుకుమాన్‌లో ఫ్రాన్సు చేరాడు. యుద్ధం ముగిశాక ఫ్రాంకో ప్రభుత్వం గాల్వెస్‌కు మరణశిక్ష విధించి 1940లో అమలు జరిపింది. తనను రక్షించిన వ్యక్తిని కాపాడడానికి జమోరా కీర్తి చాలలేదు.

ఫ్రాన్సులో జమోరా నీస్ క్లబ్బులో చేరాడు. బార్సిలోనా రోజులనాటి మిత్రుడు హోసెప్ సమితియెర్ కూడా అక్కడే ఆడాడు. 1938 డిసెంబరులో జమోరా ఫ్రాంకో అధీనంలోని ప్రాంతానికి వచ్చి, సైనికుల సహాయార్థం జరిగిన ఒక ప్రదర్శన పోటీలో పాల్గొన్నాడు.

శిక్షకుడిగా

యుద్ధానంతరం అథ్లెటిక్ మాడ్రిడ్ క్లబ్బు వైమానిక దళ జట్టుతో విలీనమై అథ్లెటిక్ అవియాసియోన్‌గా మారింది. ఇదే నేటి అట్లెటికో మాడ్రిడ్. 1936లో ఈ క్లబ్బు క్రింది శ్రేణికి పడిపోయి ఉంది. యుద్ధంలో ఒవియెదో క్లబ్బు మైదానం ధ్వంసమైనందున ఆ జట్టు ఒక సంవత్సరం ఆడలేకపోయింది. ఆ ఖాళీ స్థానం కోసం ఒసాసునాతో జరిగిన పోటీలో గెలిచి అవియాసియోన్ పై శ్రేణిలో ప్రవేశించింది. ఈ జట్టుకు జమోరా శిక్షకుడయ్యాడు. 1939-40 లీగులో 29 పాయింట్లు సాధించి, 28 పాయింట్లు పొందిన సెవియాను ఒక్క పాయింటు తేడాతో వెనుకకు నెట్టి విజేతగా నిలిచింది. ఆ క్లబ్బుకు అదే మొదటి లీగు విజయం. 1940-41లో కూడా లీగు గెలిచింది. జమోరా 1946 వరకు అక్కడ పనిచేశాడు.

1946లో వీగో నగరపు సెల్టా జట్టుకు శిక్షకుడయ్యాడు. 1947-48లో ఆ జట్టు లీగులో నాలుగవ స్థానం పొంది, కప్పు అంతిమ పోటీకి చేరింది. అందులో సెవియా చేతిలో 1-4తో ఓడింది. తరువాత మాలగా జట్టుకు, 1952లో కొద్దికాలం జాతీయ జట్టుకు, 1955 తరువాత తాను ఆట మొదలుపెట్టిన ఎస్పాన్యోల్‌కు శిక్షణ ఇచ్చాడు. 1950వ దశకంలో ఫ్రాంకో ప్రభుత్వం సిస్నెరోస్ పురస్కారం ప్రదానం చేసింది. ఈ విధంగా పరస్పరం యుద్ధం చేసిన రెండు ప్రభుత్వాల గౌరవాన్నీ అతడు పొందాడు.

మరణం, స్మృతి

జమోరా 1978 సెప్టెంబరులో బార్సిలోనాలో మరణించాడు. కుమారుడు కూడా గోల్‌కీపరుగా రాణించాడు. అత్యధిక అంతర్జాతీయ పోటీలు ఆడిన స్పెయిన్ ఆటగాడిగా జమోరా నెలకొల్పిన రికార్డు దశాబ్దాలపాటు నిలిచి, 1970వ దశకంలో మరొక గోల్‌కీపరు హోసె ఆంఖెల్ ఇరిబార్ చేతిలో అధిగమింపబడింది. 1999లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ చరిత్ర, గణాంకాల సమాఖ్య ప్రకటించిన శతాబ్దపు గోల్‌కీపర్ల జాబితాలో అతడికి ఐదవ స్థానం లభించింది.

స్పెయిన్ క్రీడాపత్రిక మార్కా 1958-59 నుండి, లీగులో పోటీకి సగటున అతి తక్కువ గోల్స్ ఇచ్చిన గోల్‌కీపరుకు జమోరా పేరిట ట్రోఫీని బహూకరిస్తోంది.

ముఖ్య విజయాలు

* ఒలింపిక్ రజత పతకం: 1920
* స్పెయిన్ కప్పు, ఆటగాడిగా: 1920, 1922 (బార్సిలోనా), 1929 (ఎస్పాన్యోల్), 1934, 1936 (మాడ్రిడ్)
* స్పెయిన్ లీగు, ఆటగాడిగా: 1931-32, 1932-33 (మాడ్రిడ్)
* స్పెయిన్ లీగు, శిక్షకుడిగా: 1939-40, 1940-41 (అథ్లెటిక్ అవియాసియోన్)