సురేన్ సెహగల్ గారి జీవితము

ఒకరి మూత్రపిండమును వేరొకరి దేహమున నమర్చినచో, ఆ దేహమందలి రక్షకకణములు దానిని శత్రువుగా నెంచి నాశనము చేయబూనును. ఆ కణముల విజృంభణము నణచు మందులలో రాపమైసిన్ ఒకటి. దానిని వెలికి దెచ్చి, నశింపనీయక కాపాడిన సురేన్ సెహగల్ గారి చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

సెహగల్ గారు 1932వ సంవత్సరమున నేడు పాకిస్థానులో నున్న ఖుషాబు ప్రాంతమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్రము నభ్యసించి, పిదప ఇంగ్లండునందలి బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును బొందిరి. అనంతరము కెనడా జేరి, మాంట్రియల్ నగరమున ఆయర్స్ట్ అను మందుల కంపెనీవారి పరిశోధనశాలలో బ్రవేశించిరి.

1964లో కెనడా వైద్యబృందమొకటి పసిఫిక్ మహాసముద్రమందలి ఈస్టరు ద్వీపమునకు బోయి, అచ్చటి మట్టిని సేకరించి తెచ్చెను. ఆ మట్టియందలి యొక సూక్ష్మజీవినుండి సెహగల్ గారును సహచరులును నూతన పదార్థము నొకదానిని వేరుచేసి, 1975లో బ్రకటించిరి. ద్వీపవాసులు తమ దీవిని రాపానుయి యందురు గనుక దానికి రాపమైసిన్ అను పేరు గలిగెను. మొదట నది శిలీంధ్రములను జంపు మందుగా నెంచబడెను. పిదప రక్షకకణములను, కొన్ని కంతులను సయితము నణచునని తేలెను.

ఇంతలో 1980 తరువాత కంపెనీవారు మాంట్రియల్ శాలను మూసివేసి, ఆ పరిశోధనమును విడిచిరి. సెహగల్ గారు మాత్రము ఆశ వీడలేదు. ఆ సూక్ష్మజీవిని సీసాలలో నింపి, తినరాదని చీటి యంటించి, తమ యింటి శీతలపేటికలో దాచిరి. న్యూజెర్సీకి దరలునపుడు వెంట గొనిపోయిరి. 1987లో కంపెనీ మరియొకదానితో గలిసిన పిమ్మట క్రొత్త యధికారులను ఒప్పించి, పనిని మరల నారంభించిరి.

ఈ మందు పనిచేయు తీరు విచిత్రము. మన కణములలో ఎఫ్‌కెబిపి-12 అను చిన్న ప్రోటీనును, ఎంటార్ అను మిక్కిలి పెద్ద ప్రోటీనును గలవు. కణము పెరుగుటకు ఎంటార్ ముఖ్యము. రాపమైసిన్ అణువు ఒక ప్రక్కతో చిన్నదాని గుంటలో నిమిడి, రెండవ ప్రక్కతో పెద్దదానిని బట్టుకొనును. చిన్నదాని తోడు లేనిచో పెద్దదానిని గట్టిగా బట్టజాలదు. ఇట్లు చిక్కువడిన ఎంటార్ తన పనిని సరిగా జేయలేదు. అందుచే రక్షకకణముల వృద్ధి యాగును. 1991లో బాసెల్ నగర పరిశోధకులు ఈస్టు కణములందు ఈ పెద్ద ప్రోటీను జాడను గనిపెట్టిరి. 1994లో నది క్షీరదములందును గుర్తింపబడెను. 1996లో మూడును గలిసియున్న రూపము స్ఫటికపరీక్షచే స్పష్టమయ్యెను. దేహరక్షణము తగ్గుటచే అంటురోగముల భయము గలదు గనుక, వైద్యుని పర్యవేక్షణములోనే దీనిని వాడవలెను.

1999లో మూత్రపిండము మార్చబడిన రోగులకై ఈ మందు అమెరికాలో నంగీకరింపబడెను. అంతకు ముందటి సంవత్సరముననే సెహగల్ గారికి పెద్దప్రేగు క్యాన్సరు గలదని తెలిసెను. వారు తమ మందును తామే సేవించి చూచిరి. అది ఆయువును బెంచెనో లేదో ఒక్కరి యనుభవముచే నిర్ణయింప వీలులేదు. 2003లో వారు దివంగతులైరి.

విద్యార్థులారా! ఇతరులు వలదని విడిచిన దానిని సెహగల్ గారు విడువలేదు; అట్లని తమ నమ్మకమును పరీక్షకు నిలుపుటయు మానలేదు. ఆ రెండు గుణములును మీయందు వృద్ధిబొందునుగాక.