గత్తర గుట్టు పేగులనే దొరికింది

మన ఊర్లల్ల ముసలోళ్లకు కోపమొస్తే గత్తరొచ్చి పోను అని తిడ్తరు. తిట్టు మిగిలింది గాని, గత్తరంటే ఏందో ఇప్పటి పోరగాండ్లకు ఎరుక లేదు. కలరానే. పొద్దుగాల మంచిగున్న మనిషి వాంతులు, నీళ్ల విరేచనాలై మాపటికి పాణమిడిసేటోడు. అది మనిషిని ఎట్ల చంపుతదో పట్టుకున్నాయన శంభునాథ్ దే. నాకు ఆయన పేరు నలభై దాటినంక గాని తెల్వలే.

1915ల బెంగాల్, హుగ్లీ జిల్లాల గరీబాటి అనే ఊర్ల పుట్టిండు. ఇంట్ల ఆస్తిపాస్తులేం లేవు, స్కాలర్‌షిప్పుల మీద చదివి కలకత్తా మెడికల్ కాలేజీల డాక్టరైండు. 1947ల లండన్ పోయి, 1949ల పీహెచ్‌డీ పట్టుకొని మళ్ల కలకత్తాకే వచ్చిండు. ఆ ఊర్ల గత్తర రోగులకు కొదవ లేదు.

కలరా పురుగును జర్మనీ డాక్టర్ రాబర్ట్ కాక్ 1884లనే కలకత్తాల చూసిండు. అది ఏదో విషం కక్కుతుండొచ్చని కూడ అనుకున్నడు. ఆ విషాన్ని చూపెట్టుడు మాత్రం ఎవ్వరితోని కాలే. చానా మంది పురుగును జంతువుల నెత్తురుల, కడుపు పొరల సూదితోని ఎక్కించి చూసిండ్రు. రోగమేమో పేగులల్ల, వీళ్ల ఎతుకులాటేమో నెత్తురుల!

దే పేగునే పట్టుకున్నడు. మత్తిచ్చిన కుందేలు కడుపు కోసి, సన్నపేగుల ఒక ముక్కకు రెండు దిక్కుల దారంతోని ముడేసిండు. ఆ ముడుల నడుమ కలరా పురుగుల రసం ఎక్కించిండు. పక్క ముక్కకు గూడ గట్లనే ముడేసి, పురుగుల్లేని రసం ఎక్కించిండు. కడుపు కుట్టి ఒక దినం ఆగి చూస్తే, పక్క ముక్క ఎట్లున్నది అట్లనే ఉన్నది. పురుగులు పడ్డ ముక్క మాత్రం ఉబ్బి, బియ్యం కడిగిన నీళ్లసొంటి నీళ్లతోని నిండి ఉన్నది. అచ్చం రోగి విరేచనం లెక్క. దారం, సూది, కుందేలు, అంతే సామాను. చటర్జీ అనే తోటి డాక్టరుతోని కలిసి 1953ల ఈ సంగతి అచ్చేయించిండు. 1956ల ఇదే ముడి పద్ధతితోని, కొన్ని రకాల ఈ-కోలై పురుగులు గూడ పేగును గట్లనే నింపుతయని చూపెట్టిండు.

అసలు దెబ్బ 1959ల. కలరా రసాన్ని సన్నగ వడగట్టి, ఒక్క పురుగు లేకుంట చేసి పేగుల పోసిండు. అయినా పేగు ఉబ్బింది! అంటే నీళ్లను గుంజేది పురుగు ఒళ్లు కాదు, అది బయటికి ఇడిసే విషం. నేచర్ అనే లండన్ పత్రికల వచ్చిన ఆ రాత పెద్దగ ఏం లేదు, చిన్నదే.

ఈ విషం పేగు గోడను కొరకదు. గోడల కణాలను ఎగదోసి ఉప్పు, నీళ్లు బయటికి కారేటట్టు చేస్తది. అందుకే చక్కెర కలిసిన ఉప్పునీళ్లు తాగిస్తే పేగు ఇంకా గుంజుకుంటది. ఓఆర్ఎస్ మతలబు గిదే. దాని ఎనుక చానా మంది కష్టమున్నది. 1971ల బంగ్లాదేశ్ యుద్ధానికి పారిపోయొచ్చిన జనానికి బోన్‌గావ్ శిబిరంల డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ నీళ్లే డ్రమ్ములల్ల నింపి తాగిపిచ్చిండు. శాన పాణాలు నిలవడ్డయి.

దే ఆ విషాన్ని శుద్ధి చేసి విడదియ్యాలని గూడ కొట్లాడిండు. కలకత్తాల దానికి తగ్గ సామాను లేదు. 1969ల అమెరికాలోళ్లు ఆ పని చేసిండ్రు. మన దేశంల సైన్స్ అకాడమీ ఒక్కటి గూడ ఆయన్ని సభ్యునిగ తీసుకోలే, సర్కారు పెద్ద అవార్డులేం ఇయ్యలే. ఈ మాట రాస్తుంటే నాకు ఒళ్లు మండుతది. నోబెల్ గెలిచిన జాషువా లెడర్‌బర్గ్ మాత్రం నోబెల్‌కు ఆయన పేరు పంపిండు. ప్రైజు రాలే. 1973ల నౌకరీ నుంచి దిగిపోయిండు. 1978ల నోబెల్ ఫౌండేషనోళ్లు కలరా మీద పెట్టిన సభకు స్టాక్‌హోమ్ పిలిస్తే, పోయి మాట్లాడొచ్చిండు.

1985 ఏప్రిల్‌ల పోయిండు. ఆయన మీద బెంగళూరు సైన్స్ పత్రిక కరెంట్ సైన్స్ ఒక సంచిక తెచ్చింది, అది గూడ 1990ల.